పైన నీళ్లు, కింద గ్యాస్: ఐదు దేశాల పంచాయితీ

ప్రశ్న: సార్, మాది మిర్యాలగూడ దగ్గర, సాగర్ ఎడమ కాలువ ఆయకట్టు. కృష్ణా నీళ్ల కోసం రెండు తెలుగు రాష్ట్రాలే ఇంత కొట్లాడుకుంటున్నయి. మరి సోవియట్ యూనియన్ విడిపోయినంక ఒకే నది మీదున్న దేశాలు ఎట్ల పంచుకున్నయి? వాళ్లకు పైన కేంద్రం గూడ లేదు కదా.
- ఒక రైతు

జవాబు: అన్నా, కాగితం మీద పంచుకునుడు జల్దినే అయింది. 1991 డిసెంబర్‌ల యూనియన్ పోయింది, 1992 ఫిబ్రవరిలనే కజకిస్తాన్, ఉజ్బెకిస్తాన్, కిర్గిజిస్తాన్, తజికిస్తాన్, తుర్క్‌మెనిస్తాన్ ఆల్మటీల కూసొని, పాత వాటాలే నడిపిద్దామని సంతకాలు పెట్టి ఉమ్మడి కమిషన్ గూడ పెట్టుకున్నయి. లొల్లంతా సీజన్ కాడ వచ్చింది.

కిర్గిజ్ కొండలల్ల నరిన్ నది మీద టోక్టోగుల్ డ్యామ్ ఉంది, కింద ఉజ్బెక్, కజక్ దిక్కు పారే సిర్ దర్యా నదికి పోయే నీళ్లు ఆపేది అదే. నిండితే 19.5 బిలియన్ ఘనపు మీటర్లు, మన లెక్కల దాదాపు 690 టీఎంసీలు, అంటే 590 అడుగులకు నిండిన సాగర్‌లు రెండు పట్టినా ఇంకా జాగ మిగుల్తది. సోవియట్ కాలంల చలికాలం నీళ్లు ఆపి, ఎండాకాలం కింద ఉజ్బెక్, కజక్ పత్తి చేలకు వదిలేటోళ్లు, బదులుగా చలికాలం కిర్గిజ్ ఇండ్లకు కిందినుంచి బొగ్గు, గ్యాస్ వచ్చేది, లెక్క మాస్కో చూసుకునేది. దేశాలు వేరైనంక కింది దేశాలోళ్లు గ్యాస్‌కు మార్కెట్ రేటు కట్టమన్నరు, నీళ్లు ఆపిపెట్టినందుకు మాత్రం పైసలు ఇచ్చేది లేదన్నరు. గడ్డకట్టే చలిల కిర్గిజ్ వాళ్లు మాత్రం ఏం చేస్తరు, నీళ్లొదిలి టర్బైన్లు తిప్పి కరెంట్ తీసుకున్నరు. ఆ నీళ్లు కజకిస్తాన్‌ల చార్‌దరా రిజర్వాయర్‌కొచ్చినయి, దిగువన నది మంచు కట్టి ఉండేసరికి ముందుకు పంపలేక పక్కన అర్నసాయ్ పల్లంలకు వదిలిన్రు. ఎండాకాలం వచ్చేసరికి పత్తికి తడి లేదు. అరల్ సముద్రం ఎండిపోతుంటే దానికి పోవాల్సిన నీళ్లు పల్లంల నిలవడం, చదువుతుంటేనే మనసు కలుక్కుమంటది.

2021ల శ్రీశైలం ఎడమగట్టు కరెంట్ పంచాయితీ మీకు యాదికుంటది. అక్కడా ముడి ఇదే, ఒకరికి కరెంట్ కావాలె, ఇంకొకరికి సాగు కావాలె.

1998ల కిర్గిజ్, ఉజ్బెక్, కజక్ మళ్లొక ఒప్పందం రాసుకున్నరు: ఎండాకాలం నీళ్లొదిలినప్పుడు వచ్చే కరెంట్ కిందోళ్లు కొనాలె, చలికాలం ఇంధనం ఇయ్యాలె. నా లెక్కల ఇదే సరైన దారి. కానీ ఏటేటా కొత్తగ బేరమాడుకోవాల్సొచ్చేది, వానలు బాగా పడ్డ ఏడు కిందోళ్లకు నీళ్లతో పనిలేదు కాబట్టి కరెంట్ కొనకపోయేటోళ్లు, పైనోళ్లు చలికాలం ఇంధనం లేక ఇబ్బంది పడేటోళ్లు. అందుకే నిలవలే.

అక్కడి ఇంకో పెద్ద నది ఆము దర్యాకు నీళ్లిచ్చే ఉపనది మీద తజికిస్తాన్ కట్టే రోగున్ డ్యామ్ గురించైతే 2012ల ఉజ్బెక్ అధ్యక్షుడు కరిమోవ్ యుద్ధం దాకా పోవచ్చని హెచ్చరించిండు. 2016ల ఆయన చనిపోయి మిర్జియోయెవ్ అధ్యక్షుడైనంక మాటల తీరు మారింది. ఒకప్పుడు పైన డ్యామ్ అంటేనే వద్దన్న ఉజ్బెకిస్తాన్, 2023 జనవరిల కజకిస్తాన్‌తో కలిసి కిర్గిజ్ కంబరాటా-1 డ్యామ్‌ల భాగం పంచుకుంటానని సంతకం పెట్టింది. కట్టేదాంట్ల వాటా ఉంటే ఎప్పుడు వదలాలె అనే మాటల గూడ వాటా ఉంటది, మన దగ్గర కూడ ఇట్ల ఎందుకు ఆలోచించరని నాకు నిజంగ బాధనిపిస్తది.

అక్కడ ఇంకా తెగని ముచ్చట ఒకటుంది. 1992 ఒప్పందంల అఫ్గానిస్తాన్ లేదు, ఇప్పుడు వాళ్లు ఆము దర్యా నుంచి కోష్ తేపా కాలువ తవ్వుతున్నరు. వాళ్లను గూడ కూసోబెట్టి మాట్లాడకపోతే కింద ఉజ్బెక్, తుర్క్‌మెన్ రైతులకే ముందు దెబ్బ.