సూది గుచ్చుకున్నందుకు అమ్మ ఎందుకు సంతకం పెట్టాలి?

ప్రశ్న: మా అమ్మ గుంటూరులో ఒక ప్రైవేటు ఆసుపత్రిలో కాంట్రాక్టర్ కింద హౌస్‌కీపింగ్ పని చేస్తుంది. జీతం 12 వేలు, అందులో ఈఎస్ఐకి (కార్మికుల బీమా) 90 రూపాయలు కట్ అవుతాయి. పదకొండు రోజుల కింద వార్డులో చెత్త కవరుకు ముడి వేస్తుంటే లోపలున్న వాడిన సూది అరచేతిలో దిగి రక్తం వచ్చింది. సూపర్‌వైజర్ స్పిరిట్‌తో తుడిపించి, టీటీ ఇంజక్షన్ వేయించి, ఎవరికీ చెప్పొద్దన్నాడు. ఇప్పుడేమో 'నా అజాగ్రత్త వల్లే జరిగింది, ఆసుపత్రికి సంబంధం లేదు' అని రాసిన కాగితం మీద సంతకం పెట్టమంటున్నారు, పెట్టకపోతే డ్యూటీకి రావద్దంటున్నారు. అమ్మకు రాత్రిళ్లు నిద్ర లేదు. ఏం చేయాలి?

జవాబు: ఆ సంతకం పెట్టనివ్వకండి. ఇప్పటికే పెట్టి ఉంటే కంగారు పడకండి, చట్టం ఇచ్చిన పరిహారం హక్కును వదులుకుంటున్నానని కార్మికురాలు రాసిచ్చినా అది చెల్లదు. పైగా ఈఎస్ఐలో తప్పు ఎవరిదన్న ప్రశ్నే రాదు, పని చేస్తుండగా, పని వల్ల దెబ్బ తగిలిందా లేదా అన్నదే చూస్తారు.

అంతకంటే ముందు చేయాల్సింది రక్త పరీక్ష. రేపు పొద్దున్నే అమ్మను గుంటూరు ప్రభుత్వ పెద్దాసుపత్రికి (జీజీహెచ్) తీసుకెళ్లి, సూది గుచ్చుకుందని, ఏ రోజు గుచ్చుకుందో చెప్పి హెచ్ఐవీ, హెపటైటిస్ బి, హెపటైటిస్ సి పరీక్షలు చేయించండి. హెచ్ఐవీ రాకుండా వాడే మందులు 72 గంటల్లోపే మొదలుపెట్టాలి, వీలైతే రెండు గంటల్లోపే, ఆ తర్వాత 28 రోజులు వాడాలి. ఆ గడువు మీ అమ్మకు దాటిపోయింది, ఇది చెప్పడానికి నాకు బాధగా ఉంది, ఎందుకంటే ఎవరికీ చెప్పొద్దన్న ఆ ఒక్క మాట వల్లే ఆమె ఆ మందు పోగొట్టుకుంది. అయినా హెచ్ఐవీ ఉన్నవారి రక్తం అంటిన సూదే గుచ్చుకున్నా సోకే అవకాశం వెయ్యిలో మూడు వంతులే, ఈ మాట అమ్మకు చెప్పండి. అసలు జాగ్రత్త పడాల్సింది హెపటైటిస్ బి గురించి. టీకా వేయించుకోని వాళ్లకు అది హెచ్ఐవీ కంటే ఎన్నో రెట్లు తేలిగ్గా అంటుకుంటుంది, కాబట్టి టీకా ఇప్పుడైనా మొదలుపెట్టాలా అని డాక్టర్‌ను అడగండి.

లాయరుగా నేను ఈ పరీక్ష మీద ఇంత పట్టుబట్టడానికి ఇంకో కారణం ఉంది. ఇప్పుడు నెగటివ్ అని రిపోర్టు చేతిలో ఉండి, ఆరు వారాలకో మూడు నెలలకో ఆరు నెలలకో చేసే పరీక్షలో తేడా వస్తే, ఇది పనిలోనే వచ్చిందని నిరూపించడం సులువు. మొదటి రిపోర్టు లేకపోతే 'ముందు నుంచే ఉందేమో' అంటారు, నేను చూసిన కేసుల్లో వాదన అంతా అక్కడే ఇరుక్కుపోతుంది. ఆ రిపోర్టు ఇంట్లోనే భద్రంగా పెట్టుకోండి, ఉద్యోగం ఉండాలంటే హెచ్ఐవీ రిపోర్టు చూపించు అని అడిగే హక్కు ఆసుపత్రికి గానీ కాంట్రాక్టర్‌కు గానీ లేదు.

ఇక రాతపూర్వక ఫిర్యాదు. తెల్ల కాగితం మీద తేదీ, సమయం, ఏ వార్డు, ఏ రంగు కవరు, పక్కన ఎవరున్నారు, సూపర్‌వైజర్ ఏమన్నాడు అన్నీ అమ్మ మాటల్లోనే రాయించి, ఆసుపత్రి మేనేజ్‌మెంట్‌కు ఒకటి, కాంట్రాక్టర్‌కు ఒకటి ఇచ్చి జిరాక్సు మీద రసీదు సంతకం తీసుకోండి. 'మేం తీసుకోం' అంటే స్పీడ్ పోస్టులో పంపి రసీదు దాచండి. ప్రమాదాన్ని రిజిస్టరులో ఎక్కించి ఈఎస్ఐకి రిపోర్టు పంపాలని అందులోనే అడగండి, ఒక కాపీ ఈఎస్ఐ బ్రాంచి ఆఫీసులో మీరే ఇవ్వండి. ఈ దెబ్బ వల్ల పనికి వెళ్లలేని రోజులకు ఈఎస్ఐ డాక్టర్ సర్టిఫికెట్ ఇస్తే జీతంలో 90 శాతం వస్తుంది, శాశ్వత నష్టం జరిగితే నెలనెలా వచ్చే మొత్తం వేరే ఉంటుంది. ఆసుపత్రి పనిలో సోకే అంటువ్యాధులను చట్టం వృత్తి వ్యాధుల జాబితాలోనే పెట్టింది.

'ఆమె మా మనిషి కాదు, కాంట్రాక్టర్ మనిషి' అని ఆసుపత్రి తప్పకుండా అంటుంది. వినకండి. 2017 నాటి హెచ్ఐవీ, ఎయిడ్స్ చట్టం 19వ సెక్షన్ ఆ సంస్థలో పనిచేసే వాళ్లందరికీ రక్షణ సామగ్రి, శిక్షణ, సూది గుచ్చుకుంటే వాడే మందులు ఇవ్వాలని చెప్తుంది, జీతం ఎవరు ఇస్తున్నారని అడగదు. 2016 బయోమెడికల్ వ్యర్థాల (ఆసుపత్రి చెత్త) నిబంధనలు కూడా అంతే, ఆ చెత్తను ముట్టుకునే ప్రతి ఒక్కరికీ హెపటైటిస్ బి, ధనుర్వాతం టీకాలు వేయించాలి, పనిలో చేరినప్పుడూ తర్వాత ఏటా శిక్షణ ఇవ్వాలి, ఏటా ఆరోగ్య పరీక్ష చేయించాలి. వీటిలో అమ్మకు ఏవి జరిగాయో అడిగి, జరగనివన్నీ ఫిర్యాదులో రాయండి.

సంతకం పెట్టలేదనో, ఫిర్యాదు చేసిందనో పనిలోంచి తీసేస్తే అదే రోజు కార్మిక శాఖ అధికారికి ఫిర్యాదు ఇవ్వండి. తీసేశామని మాటతో చెప్పి ఊరుకుంటారు, అందుకే మర్నాడు కూడా అమ్మ డ్యూటీ టైముకు గేటు దగ్గరికి వెళ్లాలి, వెళ్లినట్టు ఫోనులో ఫొటో ఉండాలి, ఆ సాయంత్రమే కాంట్రాక్టర్‌కు 'డ్యూటీకి వచ్చాను, రానివ్వలేదు' అని మెసేజ్ పెట్టాలి. హెచ్ఐవీ గురించి ఏ సందేహం ఉన్నా 1097కు ఉచితంగా ఫోన్ చేయొచ్చు.

ఇంకొక్క మాట. వాడిన సూది చెత్త కవరులోకి రాకూడదు. క్యాప్ తిరిగి పెట్టకుండా, వాడినచోటే కట్టర్‌లో కోసి, గుచ్చినా చిల్లు పడని తెల్ల డబ్బాలో వేయాలి, ఇది ఇంజక్షన్ ఇచ్చినవాళ్ల బాధ్యత. అంటే మీ అమ్మ చేతిలో దిగిన సూది ఇంకొకరు చేయని పని. ఆ వార్డులో తెల్ల డబ్బా ఉందో లేదో, నిండిపోయినా మార్చడం లేదో అమ్మతో పనిచేసే మిగతా ఆయాలను అడగండి. వాళ్లలో ఒకరిద్దరైనా మీ ఫిర్యాదు కింద పేరు రాసి సంతకం పెట్టడానికి ఒప్పుకుంటే, ఆ కాగితం నకలు, ఈ చెత్త నిబంధనల అమలు చూసే కాలుష్య నియంత్రణ మండలికి కూడా పంపండి.