కరాటేనా, కీబోర్డా, ఎన్‌సీసీనా: బాబుకు ఏది పనికొస్తుంది?

ప్రశ్న: మాది హనుమకొండ. మావారు కాజీపేటలో రైల్వే ఉద్యోగి. బాబు ఏడో తరగతి, పాప నాలుగో తరగతి. బాబును అబాకస్, కరాటే, కీబోర్డు మూడింటికీ పంపుతున్నాం. ఏదైనా రెండు నెలలే ఇష్టంగా చేస్తాడు, తర్వాత పేచీ పెడతాడు. వచ్చే ఏడాది ఐఐటీ ఫౌండేషన్‌లో వేసి ఇవన్నీ మానిపించమని చుట్టాలు అంటున్నారు. పెద్దయ్యాక వాడికి నిజంగా పనికొచ్చేది ఏది?

జవాబు: అమ్మా, ఈ మూడింట్లో ఒకటి ఉంచి రెండు ఈ నెలలోనే ఆపేయండి. ఏది ఉంచాలో బాబునే చెప్పమనండి. చెప్పాక ఏడాది దాకా మానకూడదని ముందే మాట తీసుకోండి. మొదటి రెండు నెలలు ఏ క్లాసైనా కొత్తగానే ఉంటుంది. ఆ తర్వాత కరాటేలో అదే కటా (కదలికల వరస), కీబోర్డులో అవే స్వరాలు రోజూ చేయాలి. విసుగొచ్చినా వెళ్లి చేయడం వాడు నేర్చుకునేది అప్పుడే. మీ బాబు ప్రతిసారీ సరిగ్గా అక్కడికి వచ్చి ఆగిపోతున్నాడు.

ప్లేస్‌మెంట్లకు ముందు ఇంజనీరింగ్ పిల్లలకు నమూనా ఇంటర్వ్యూలు చేయిస్తుంటాను. ‘నీ వల్ల జరిగిన తప్పును ఎట్లా సరిచేశావు?’ అని అడిగితే మంచి మార్కులున్న పిల్లలు కూడా నీళ్లు నములుతారు. వాళ్ల ఫైల్లో సర్టిఫికెట్లకు కొదవుండదు. ఒక కుర్రాడు మాత్రం వరంగల్ ఎనుమాముల మార్కెట్ ముచ్చట చెప్పాడు. ఇంటర్ సెలవుల్లో ఒక అడ్తి (కమీషన్) దుకాణంలో గుమస్తాకు సాయంగా మిర్చి బస్తాల తూకం చీటీలు రాసేవాడట. ఒక రోజు ఒక రైతు చీటీలో రెండు బస్తాలు తక్కువ రాశాడు. సాయంత్రం లెక్క కలపలేక మళ్లీ చూస్తే తప్పు దొరికింది. అప్పటికే ఆ రైతు పరకాల బస్సెక్కి వెళ్లిపోయాడు. ఎవరూ చూడలేదు, చెప్పకపోయినా గడిచిపోయేది. సేటు దగ్గరికి వెళ్లి తనే చెప్పాడు. ‘కాళ్లు వణికాయి సార్, అయినా ఆ రైతుకు నేనే ఫోన్ చేశాను’ అన్నాడు. ఆ పిల్లవాణ్ని నేనింకేమీ అడగలేదు.

అందుకే క్లాసు ఎంచుకునేటప్పుడు నేను ఒకటే చూస్తాను: మా వాడు రాకపోతే అక్కడ ఎవరికైనా పని ఆగుతుందా? కబడ్డీ, ఖోఖో జట్టులో ఆగుతుంది. స్కౌట్స్‌లో ఆగుతుంది. నిజామాబాద్ జిల్లా పాకాల బిడ్డ మలావత్ పూర్ణ 2014లో, 13 ఏళ్ల వయసులో ఎవరెస్ట్ ఎక్కింది. గురుకులంలో చదువుతూ భువనగిరి గుట్ట మీద ఎక్కడం నేర్చుకుంది. గుట్ట ఎక్కేటప్పుడు ఒకరి తాడు ఇంకొకరి చేతిలో ఉంటుంది. అట్లాంటి నమ్మకం ఒంటరిగా కూర్చుని చేసే అబాకస్‌లో రాదు. కరాటేలో రావచ్చు, పెద్ద పిల్లల చేత చిన్నవాళ్లకు నేర్పించే మాస్టారైతే. ఫీజు కట్టే ముందు ఆ సంగతి అడగండి.

వచ్చే ఏడాది బాబు ఎనిమిదికి వస్తాడు కాబట్టి బడిలో ఎన్‌సీసీ ఉంటే తప్పక చేర్పించండి. జూనియర్ విభాగంలో రెండేళ్లు చేస్తే ‘ఎ’ సర్టిఫికెట్ పరీక్ష రాయొచ్చు. కాలేజీలో కొనసాగిస్తే ‘బి’, ‘సి’. డిగ్రీ అయ్యాక, నిర్ణీత గ్రేడుతో ‘సి’ ఉన్నవాళ్లు ఆర్మీ ఆఫీసర్ ఎంపికలో రాత పరీక్ష లేకుండా ఎస్‌ఎస్‌బీ (సర్వీసెస్ సెలక్షన్ బోర్డు) ఇంటర్వ్యూకు దరఖాస్తు చేసుకునే స్పెషల్ ఎంట్రీ ఉంది. ఆర్మీకి వెళ్లకపోయినా క్యాంపులో తన పక్క తనే సర్దుకుంటాడు, తన ప్లేటు తనే కడుగుతాడు. ఈత కూడా నేర్పించండి, దీన్ని హాబీల లెక్కలో వేయకండి. చుట్టూ చెరువులు, కాకతీయ కాలువ ఉన్న ఊరు మనది.

ఫౌండేషన్ గురించి మీకున్న టెన్షన్ నాకు తెలుసు. మా అమ్మాయికి తొమ్మిదో తరగతిలో ఖోఖో మానిపించింది నేనే. ఆ గంటన్నర చదువుకు కలిసొస్తుందనుకున్నాను. కలిసి రాలేదు. ఇంటర్లో మొదటిసారి మార్కులు తగ్గినప్పుడు వారం రోజులు గదిలోంచి బయటికి రాలేదు. ఓడిపోయి మర్నాడు మళ్లీ మైదానానికి వెళ్లే అలవాటు తనకు ఉండేది, దాన్ని నేనే తెంచాను. ఆ బాధ నాకు ఇప్పటికీ ఉంది. ఫౌండేషన్‌లో వేయండి, తప్పు లేదు. వారంలో నాలుగు గంటలు మాత్రం దానికి ఇవ్వకుండా బాబు ఎంచుకున్న ఆ ఒక్క క్లాసుకు ఉంచండి.

డబ్బు ఖర్చులేనిది ఇంకొకటి చెప్తాను. ఆదివారం కూరగాయల పని బాబుకు అప్పజెప్పండి. 300 రూపాయలు ఇచ్చి సంచితో రైతుబజారుకు పంపండి. మొదటి వారం పుచ్చు వంకాయలు తెస్తాడు. తిట్టకండి, వాటినే వండి పెట్టండి. మూడో వారానికి చూసి ఏరుకోవడం వస్తుంది. పాపకు ఇప్పుడే ఏ క్లాసూ వద్దు. ఈసారి బతుకమ్మకు తంగేడు, గునుగు ఎన్ని కట్టలు కావాలో తనే లెక్కేసి, తనే తెచ్చి, అన్న సాయంతో తనే పేర్చనివ్వండి. వంకరగా వచ్చినా మీరు సరిచేయకుండా అట్లాగే వాడకట్టులో పెట్టి ఆడండి.