ఒకే వర్చువల్ మెషిన్, నలుగురి డిజైన్: పాఠకుల ప్రశ్నలు

ప్రశ్న: మేం నలుగురం మెకానికల్ ఫైనల్ ఇయర్ విద్యార్థులం. పత్తికట్టెను తునకలు చేసే యంత్రం మా ప్రాజెక్టు. సెలవుల్లో తలో ఊళ్లో ఉంటాం కాబట్టి క్లౌడ్‌లో విండోస్ మెషిన్ అద్దెకు తీసుకుని ఫ్రీక్యాడ్ (యంత్రాల డిజైన్ గీసే సాఫ్ట్‌వేర్) వేసుకున్నాం. ఒకరు లాగిన్ అయితే ఇంకొకరు బయటపడుతున్నారు. అసెంబ్లీలో (భాగాలన్నీ కలిపిన మోడల్‌లో) ఒకరు చేసిన మార్పులు మరొకరు సేవ్ చేయగానే పోతున్నాయి.
- విద్యార్థి బృందం, హన్మకొండ

జవాబు: ఇవి రెండు వేర్వేరు సమస్యలు. మొదటిది విండోస్ పెట్టిన హద్దు. విండోస్ 10, 11 ప్రో ఒకసారికి ఒక్క సెషన్‌నే (ఒకరి లాగిన్‌నే) నడవనిస్తాయి. విండోస్ సర్వర్ అయినా నిర్వహణ కోసం రెండే ఇస్తుంది. అంతకు మించితే విడిగా లైసెన్సులు కొనాలి. ఫ్రీక్యాడ్ లినక్స్‌లో చక్కగా నడుస్తుంది కనుక ఆ ఖర్చు మీకు అక్కర్లేదు. ఉబుంటు (ఒక రకం లినక్స్), దానిపై దూరం నుంచి లాగిన్ కావడానికి ఎక్స్‌ఆర్‌డీపీ వేసి నలుగురికీ నాలుగు యూజర్ ఖాతాలు తెరవండి. మీ ప్రాజెక్టుకు 8 కోర్లు, 32 జీబీ ర్యామ్ చాలు.

రెండోది మెషిన్ మార్చినంత మాత్రాన పోదు. ఫ్రీక్యాడ్ ఫైలు నిజానికి ఒక జిప్ ఫైలు. ప్రోగ్రామ్ కోడ్‌లో ఇద్దరి మార్పులను కలిపినట్టు గిట్ (ఫైళ్ల మార్పులను నమోదు చేసే ప్రోగ్రామ్) దీన్ని కలపలేదు; చివర సేవ్ చేసినవారిదే మిగులుతుంది. అందుకే ఒక్కో భాగానికి ఒక్కో ఫైలు, ఒక్కో ఫైలుకు ఒక్కరే బాధ్యులు. ఫ్రేమ్ ఒకరు, రోటరూ బ్లేడ్లూ ఒకరు, హాపర్ (కట్టె వేసే తొట్టి) ఒకరు, డ్రైవుతో పాటు అసెంబ్లీ ఒకరు చూసుకోండి. పెద్ద ఫైళ్ల కోసం గిట్‌కు జోడించే గిట్ ఎల్‌ఎఫ్‌ఎస్‌లో ఈ ఫైళ్లను 'లాకబుల్'గా నమోదు చేస్తే, లాక్ తీసుకునేదాకా అవి మార్చడానికి వీల్లేకుండా ఉంటాయి. ఉమ్మడి ఫోల్డర్‌లోంచి నేరుగా తెరవకుండా ఎవరి క్లోన్ (ఫైళ్ల సొంత నకలు) వారి హోమ్ ఫోల్డర్‌లో పెట్టుకోండి.

ఇంతా చేశాక కూడా తప్పు దూరేది భాగాలు కలిసే చోటే. షాఫ్ట్ 25 మి.మీ. అనుకుని ఫ్రేమ్ గీసేవారు దానికి సరిపోయే యూసీపీ 205 బేరింగ్‌కు రంధ్రాలు పెడతారు: బోల్టుల మధ్య దూరం 105 మి.మీ., అడుగు నుంచి షాఫ్ట్ కేంద్రం ఎత్తు 36.5 మి.మీ. రోటర్ చూసేవారు బలం చాలదని షాఫ్ట్‌ను 30 చేస్తే బేరింగ్ యూసీపీ 206 అవుతుంది. అప్పుడు దూరం 121, ఎత్తు 42.9. రంధ్రాలు కుదరవు, రోటర్ 6.4 మి.మీ. పైకి లేచి బ్లేడుకూ కింది జల్లెడకూ మధ్య సందు అంతమేర పెరుగుతుంది. ఫ్రేమ్ ఫైలుకు ఈ సంగతే తెలియదు! కాబట్టి ఇలాంటి కొలతలన్నీ ఒక మాస్టర్ ఫైలులోని స్ప్రెడ్‌షీట్‌లో పెట్టి, ప్రతి గడికీ మారుపేరు (ఎలియాస్) ఇచ్చి, మిగతా ఫైళ్లు అక్కడినుంచే తీసుకునేలా రాయండి. ఆ మాస్టర్ ఫైలు పేరు మధ్యలో మార్చొద్దు, లంకెలు తెగుతాయి.

ప్రశ్న: నెట్ 40 ఎంబీపీఎస్ వస్తోంది. అయినా క్లౌడ్ మెషిన్‌లో మోడల్‌ను తిప్పితే ఆగి ఆగి కదులుతోంది. కరెంటు పోతే పనంతా పోతుందని ఇంకో భయం.
- పాఠకురాలు, జగిత్యాల

జవాబు: ఇక్కడ వేగం కన్నా ఆలస్యం ముఖ్యం. మెషిన్ అమెరికాలో ఉంటే మౌస్ కదలిక వెళ్లి రావడానికే సుమారు 200 మిల్లీసెకన్లు, ఒక్కోసారి ఇంకా ఎక్కువ పడుతుంది. హైదరాబాద్ లేదా ముంబై రీజియన్ (సర్వర్లు ఉండే చోటు) ఎంచుకోండి. లినక్స్ అయితే టెర్మినల్‌లో 'జీఎల్ఎక్స్ఇన్ఫో' ఆదేశం ఇచ్చి చూడండి. 'ఎల్ఎల్‌వీఎంపైప్' అని కనిపిస్తే బొమ్మను ప్రాసెసరే గీస్తోందన్నమాట. జీపీయూ (బొమ్మలు గీసే ప్రత్యేక చిప్) ఉన్న మెషిన్‌లోనూ ఎక్స్‌ఆర్‌డీపీ మామూలుగా దాన్ని వాడుకోదు. జీపీయూతో గీయించి ఆ బొమ్మను మీకు పంపే వర్చువల్‌జీఎల్, టర్బోవీఎన్‌సీ జోడీ వేయాలి. జీపీయూ అద్దె భరించలేకపోతే తిప్పే ముందు బోల్టులు, నట్లు కనిపించకుండా దాచండి. చాలా తేడా వస్తుంది.

కరెంటు గురించి బెంగ వద్దు. పని నడిచేది సర్వర్‌లో కనుక మీ ఇంట్లో దీపం పోయినా సెషన్ అక్కడ బతికే ఉంటుంది. తిరిగి కనెక్టయ్యేటప్పుడు కలర్ డెప్త్ (రంగుల స్థాయి సెట్టింగ్) మాత్రం మార్చకండి. మారిస్తే ఎక్స్‌ఆర్‌డీపీ కొత్త సెషన్ తెరుస్తుంది, పాతది కళ్లకు కనబడదు.

ప్రశ్న: మైక్రోసాఫ్ట్ క్లౌడ్ అజూర్‌లో తీసుకున్న మెషిన్‌ను రోజూ షట్‌డౌన్ చేస్తున్నా బిల్లు పెరుగుతోంది. ఎందుకు?
- ఫ్యాబ్రికేషన్ వర్క్‌షాప్, మంచిర్యాల

జవాబు: లోపలి స్టార్ట్ మెనూ నుంచి షట్‌డౌన్ చేస్తే హార్డ్‌వేర్ మీ పేరునే ఉండిపోతుంది, అద్దె ఆగదు. పోర్టల్‌లోకి వెళ్లి 'స్టాప్' నొక్కి, 'డీఅలొకేటెడ్' (కేటాయింపు రద్దు) అని వచ్చేదాకా చూడండి. అప్పుడు కూడా డిస్కు అద్దె కొనసాగుతుంది. పోర్టల్‌లో ఉన్నప్పుడే ఇంకొకటి కూడా సరిచూడండి: 3389 పోర్టు (దూరం నుంచి మెషిన్‌లోకి లాగిన్ అయ్యే ద్వారం) లోకమంతటికీ తెరిచి ఉంటే వెంటనే మూసి, వీపీఎన్ (మీకు మాత్రమే తెరిచే రహస్య దారి) ద్వారానే లోపలికి వెళ్లండి. తెరిచి ఉన్న ఆ పోర్టు మీద పాస్‌వర్డులు ఊహించే ప్రోగ్రాములు రాత్రింబవళ్లు ప్రయత్నిస్తూనే ఉంటాయి.