నేటి యువత సమాజానికి నిజంగా ఏమైనా మేలు చేస్తోందా?

చేస్తోంది. నా డిగ్రీ సర్టిఫికెట్టే సాక్ష్యం.

నాకు పుట్టుకతోనే చూపు లేదు. పరీక్షలో నేను చెబుతుంటే పక్కన కూర్చుని ఇంకొకరు రాయాలి. వాళ్లని స్క్రైబ్ అంటాం. 2019 ఏప్రిల్‌లో, విజయవాడలో నా ఎకనామిక్స్ పేపర్‌కి ముందు రోజు, నాకు రాయాల్సిన కుర్రాడు జ్వరంతో పడిపోయాడు. ఫ్రెండ్స్ వాట్సాప్ గ్రూపులన్నింట్లో మెసేజ్ పెట్టారు. రాత్రి పదకొండు దాటాక గుడివాడ నుంచి ఒకమ్మాయి ఫోన్ చేసింది. "అన్నయ్యా, నేను రాస్తాను. ఎన్నింటికి రావాలి?" ఇంటర్ ఎంపీసీ. ఎంసెట్ దగ్గర పడింది. అయినా తెల్లారేసరికి వాళ్ల నాన్నని వెంటబెట్టుకుని బస్సెక్కేసింది.

హాల్లో ఇన్విజిలేటర్ ఎక్స్‌ట్రా టైమ్ కుదరదన్నారు. గంటకి కనీసం 20 నిమిషాలు అదనంగా ఇవ్వాలని 2018లోనే కేంద్రం మార్గదర్శకాలు ఇచ్చింది. ఆ కాగితం ఎప్పుడూ నా బ్యాగులో ఉంటుంది. ఆ అమ్మాయి దాన్ని తీసి, తడబడకుండా ఆ పేరా మొత్తం చదివి వినిపించింది. "సార్, ఇది అన్నయ్య హక్కు" అంది. టైమ్ ఇచ్చారు. ప్రతి పరీక్షకీ మాకు ఈ గొడవ తప్పదు. దానికి తోడు, స్క్రైబ్ చదువు మా కంటే ఒక మెట్టు తక్కువ ఉండాలన్న రూల్ ఒకటి అప్పట్లో ఉండేది. డిగ్రీ వాళ్లకి ఇంటర్ పిల్లలు రాయాల్సి వచ్చేది, సరిగ్గా అప్పుడే వాళ్లకి ఎంట్రన్సులు. ఆ రూల్ పెట్టినవాళ్లు అర్ధరాత్రి స్క్రైబ్ కోసం ఒక్కసారి వెతికి చూడాలి.

"క్షీణోపాంత ప్రయోజన సూత్రం" (ఒక వస్తువు వాడేకొద్దీ అదనంగా వచ్చే తృప్తి తగ్గుతుందనే సూత్రం) అని మొదలుపెట్టగానే పెన్ను చప్పుడు ఆగిపోయింది. ఆ మాట ఆమె ఎప్పుడూ వినలేదు. విడగొట్టి చెప్పాను. పటం దగ్గర, "గీత కిందికి దిగాలా అన్నయ్యా?" అని అడిగి గీసింది. ప్రతి పేజీ రాశాక మెల్లగా చదివి వినిపించేది. నేను చెప్పిందాంట్లో ఒక్క ముక్క మార్చలేదు, కలపలేదు. మూడో గంటలో రాత నెమ్మదించింది. వేళ్లు విరుచుకున్న చప్పుడు వినిపించింది. "కాసేపు ఆగుదామా అమ్మా?" అంటే, "మీరు చెప్పండి, టైమ్ పోతుంది" అంది. బయటికొచ్చాక మా అమ్మ పులిహోర పెడితే వేళ్లు ముడుచుకోక స్పూన్‌తో తింది. బస్సు ఛార్జీలు ఇవ్వబోతే వాళ్ల నాన్న ఒప్పుకోలేదు.

ఈ కాలం పిల్లలు ఫోన్లు పట్టుకుని పాడైపోతున్నారని ఎవరైనా అంటే నాకు ఒళ్లు మండుతుంది. ఆ ఫోనే ఆమెను నా దగ్గరికి తెచ్చింది. నేను చదువుకున్న లిపిని లూయీ బ్రెయిల్ 1824లో తయారు చేసేనాటికి ఆయన వయసు 15 ఏళ్లు. మాలాంటి వాళ్ల బతుకులు బాగుపడింది పెద్ద పెద్ద మీటింగుల వల్ల కాదు, ఇలాంటి పిల్లల వల్లే.

ఆ అమ్మాయి ఇప్పుడు ఉద్యోగం చేస్తోంది. మొన్న ఫోన్ చేసి, "అన్నయ్యా, మా చెల్లికి ఇంటర్ పరీక్షలు అయిపోయాయి. ఎవరికైనా రాయాలంటే చెప్పండి" అంది. అప్పటికే ఇద్దరు ఎదురుచూస్తున్నారు, వాళ్ల నంబర్లు ఇచ్చాను.