తుంటి ఆపరేషన్ తర్వాత అమ్మ ఊళ్లోనే ఉంటానంటే ఏం చేయాలి?

ఒంగోలులో తుంటి ఎముకకు ఆపరేషన్ అయిన మీ అమ్మగారు మీతో హైదరాబాదు రానని, టంగుటూరు దగ్గర సొంత ఇంట్లోనే ఉంటానని అంటున్నారని, అక్కడ వైద్యమూ ఇంటి సాయమూ ఎలా కుదురుతాయని అడిగారు. కుదురుతాయి. కాకపోతే ఆ రెండింటినీ ఒకచోటికి చేర్చే బాధ్యత ఏ శాఖకూ లేదు కాబట్టి ఆ పని మీరే పెట్టుకోవాలి. కొండపి వైపు పల్లెలో ఒంటరిగా ఉండే మా మేనత్త విషయంలో చూసింది చెబుతున్నాను.

ఆవిడ కూడా రాత్రి దొడ్లోకి వెళ్తూ వసారా మెట్టు మీద పడ్డారు. ఆసుపత్రివాళ్లు ఎముక చక్కగా సరిచేసి, మందుల చీటీ చేతికిచ్చి పంపారు గానీ మరుగుదొడ్డి ఇంటికి ఎంత దూరమో ఒక్కరూ అడగలేదు. బీపీ మాత్రల్లో మూత్రం ఎక్కువగా వచ్చేలా చేసేది ఒకటి ఉందని, దాన్ని ఆవిడ రాత్రి భోజనం అయ్యాక వేసుకుంటున్నారని, అందుకే నిద్రలో అన్నిసార్లు లేస్తున్నారని కనిపెట్టింది ఆ ఊరి ఆశా కార్యకర్త. ఊళ్లకు తిరిగే 104 వైద్య వాహనంతో వచ్చిన పీహెచ్‌సీ (ప్రాథమిక ఆరోగ్య కేంద్రం) డాక్టరుగారికి ఆమె ఆ మాట చేరవేస్తే, ఆయన మాత్రను ఉదయానికి మార్చారు. (డాక్టరును అడగకుండా మీరు వేళలు మార్చవద్దు.) ఆ తర్వాత మేము వెల్డింగు షాపు అతన్ని పిలిపించి గోడ వెంట జీఐ పైపు బిగించాము, మెట్టును వాలుగా చేయించాము, మంచం పక్కన కమోడ్ కుర్చీ పెట్టాము. మాత్ర మారి పైపు లేకపోయినా, పైపు ఉండి మాత్ర మారకపోయినా ఆవిడ మళ్లీ పడి ఉండేవారని నా నమ్మకం.

డబ్బు విషయంలో ఎక్కువ ఆశ పెట్టుకోకండి. 70 ఏళ్లు నిండినవారికి వచ్చే ఆయుష్మాన్ వయ వందన కార్డు ఏడాదికి 5 లక్షల రూపాయల దాకా ఆసుపత్రి వైద్యానికే తప్ప ఇంట్లో మనిషిని పెట్టుకోవడానికి పనికిరాదు. వృద్ధాప్య పింఛను 2024 జులై నుంచి 4,000 రూపాయలైంది. పక్షవాతం వచ్చి మంచానికో చక్రాల కుర్చీకో పరిమితమైనవారికి ఇచ్చే 15,000 సంగతి ఎవరైనా చెప్పినా, కోలుకుని నడవబోయే మనిషికి అది వర్తించదు. మేము పొరుగింటి కోడలికి నెలకు ఇంతని మాట్లాడుకున్నాము. స్నానం చేయించడం, ఫిజియోథెరపిస్టు చూపించిన వ్యాయామాలు దగ్గరుండి చేయించడం ఆమె పని. బంధువులు ఊరికే చేస్తామన్నారు కానీ, జీతం ఇచ్చిన మనిషినైతేనే ఫలానా వేళకు రమ్మని అడగగలం.

అన్నిటికన్నా ఎక్కువగా ఉపయోగపడింది గుమ్మం పక్క మేకుకు తగిలించిన నోటుపుస్తకం. ఏఎన్ఎం (ఊరి ఆరోగ్య కార్యకర్త నర్సు) చూసిన బీపీ, షుగరు, పొరుగింటి కోడలు గమనించిన కాలి వాపు, ఆకలి, నిద్ర, మందులు అయిపోయే తేదీ అన్నీ అందులోనే రాసేవారు. పింఛను ఇవ్వడానికి ఒకటో తారీకున వచ్చే సచివాలయం ఉద్యోగితో కూడా సదరం పత్రం (వైకల్య ధ్రువపత్రం), రేషను కార్డు పనుల సంగతి అందులోనే రాయించుకున్నాము.

మీ అమ్మగారు ఇంకా ఆసుపత్రిలోనే ఉంటే, ఇంటికి పంపే ముందే కుట్లు విప్పే తేదీ, కాలి మీద ఎంత బరువు మోపవచ్చన్నది, ఏ మాత్ర ఏ వేళకు అన్నది తెలుగులో రాయించుకుని, ఆ కాగితం ఫొటోను ఏఎన్ఎంకు వాట్సాప్‌లో పంపండి. ఎక్కడైనా పని ఆగిపోతే వయోవృద్ధుల హెల్ప్‌లైన్ 14567కు ఫోన్ చేయవచ్చు.