జనరేటర్ వైరు ఏసీ సాకెట్‌లో పెట్టి ఇల్లంతా కరెంటు తీసుకోవచ్చా?

మీరు అడిగింది ఇదీ: ఐదు కేవీఏ పెట్రోలు జనరేటర్ కొన్నారు. రెండు వైపులా ప్లగ్గు ఉన్న వైరు చేసి ఏసీ సాకెట్‌లో పెట్టేస్తానని, మెయిన్ దింపుకుంటే చాలని మీ ఎలక్ట్రీషియన్ అంటున్నాడు. ఛేంజ్ ఓవర్ స్విచ్ (బోర్డు కరెంటు, జనరేటర్ రెండింటిలో ఒకదాన్నే ఇంటికి కలిపేది) నిజంగా కావాలా, దండగ ఖర్చా అని మీ అనుమానం.

ఆ వైరు చేయించకండి. ఇప్పటికే చేసి ఉంటే ఒక వైపు ప్లగ్గు కోసి పారేయండి. అలాంటి వైరే మా ఇంట్లో ఎనిమిది నెలలు వాడాం కాబట్టి చెబుతున్నాను.

మాది శ్రీకాకుళం జిల్లా, ఉద్దానం వైపు. 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటింది. కొబ్బరిచెట్లు, జీడితోటలు, కరెంటు స్తంభాలు అన్నీ ఒకదాని మీద ఒకటి పడ్డాయి. మా వీధికి కరెంటు రావడానికి పదమూడు రోజులు పట్టింది. నాలుగో రోజు మా బావమరిది విశాఖపట్నం నుంచి వ్యానులో జనరేటర్ వేసుకొచ్చాడు. తెలిసిన ఎలక్ట్రీషియన్ ఒకతను పది నిమిషాల్లో ఈ రెండు ప్లగ్గుల వైరు చేసిచ్చి వెళ్లాడు. బోరు మోటారు తిరిగి ట్యాంకు నిండిన ఆనందంలో ఎవరూ ఏమీ అడగలేదు.

మరుసటి ఏడాది జూన్‌లో గాలివానకు మళ్లీ కరెంటు పోయింది. నేను ఇంట్లో లేను. తమ్ముడు చీకట్లో తాడు లాగి స్టార్ట్ చేశాడు, ప్లగ్గు పెట్టాడు, మెయిన్ దింపడం మర్చిపోయాడు. పక్కింటి పిన్ని వాకిట్లోకొచ్చి "కరెంటొచ్చిందర్రా!" అని కేకేసింది. ఆవిడ వసారాలో పాతకాలం బల్బు ఎర్రగా వెలిగింది మరి. రెండు క్షణాల్లో మా జనరేటర్ ఎద్దులా రంకె వేసి బ్రేకర్ పడిపోయింది. ఆ సమయానికి వీధి చివర స్తంభం కింద లైన్‌మన్ నడుముకు బెల్టు బిగించుకుంటున్నాడు. ఇంకో ఐదు నిమిషాలైతే పైన ఉండేవాడు.

మర్నాడు ఆయనే వచ్చి మా అరుగు మీద కూర్చుని ఆ వైరు చేతిలోకి తీసుకుని చూశాడు. తిట్టలేదు. "ఎల్‌సీ తీసుకునే కదా బాబూ ఎక్కుతాం. సబ్‌స్టేషన్‌లో అయితే వాళ్లు ఆపుతారు. మీ ఇంట్లో ఎవరాపుతారు?" అన్నాడు. ఎల్‌సీ అంటే లైన్ క్లియర్, ఆ లైనులో కరెంటు ఆపామని సబ్‌స్టేషన్ ఇచ్చే అనుమతి.

మెయిన్ దింపకపోతే మన కరెంటు సర్వీసు వైరు గుండా వెనక్కి వీధిలోకి పోతుంది. ట్రాన్స్‌ఫార్మర్ రెండు వైపులా పనిచేస్తుంది. 11 వేల వోల్టులను తగ్గించి మనకిచ్చేదే, మన 230 వోల్టులను పెంచి 11 కేవీ లైను మీదికి ఎక్కించగలదు. "వీధంతటి లోడు పడితే జనరేటర్ దానంతటదే ఆగిపోతుంది కదా" అంటారు కొందరు. మా ఇంట్లో ఆగింది, నిజమే. కానీ తుపానులో మీ ఇంటి పక్కనే తీగ తెగిందనుకోండి, అవతల లోడే ఉండదు. అప్పుడు జనరేటర్ హాయిగా నడుస్తూనే ఉంటుంది, తెగిన కొస లైవ్‌లో ఉంటుంది. సరిగ్గా ఆ కొస ముడేయడానికే లైన్‌మన్ వస్తాడు. పైగా ఆ వైరు రెండో ప్లగ్గు ఊడితే పిన్నులు బయటే ఉంటాయి, వాటిలో కరెంటు ఉంటుంది. ఇంట్లో పిల్లలుంటే ఆ ఒక్క కారణం చాలు.

ఛేంజ్ ఓవర్ స్విచ్‌లో హ్యాండిల్ ఒకటే. పైకి వేస్తే బోర్డు కరెంటు, కిందికి వేస్తే జనరేటర్, మధ్యలో ఆఫ్. రెండూ ఒకేసారి కలవడానికి దారి లేదు. చీకట్లో, వానలో, టెన్షన్‌లో ఉన్న మనిషికి మెయిన్ గుర్తుందా లేదా అన్న ప్రశ్నే రాదు. మీటరుకూ డీబీకీ (ఇంట్లో బ్రేకర్లుండే డబ్బా) మధ్య పెట్టించాలి. సింగిల్ ఫేజ్ ఇంటికి డబుల్ పోల్‌ది, అంటే ఫేజ్, న్యూట్రల్ రెండింటినీ కలిపి మార్చేది అడగండి. మీ జనరేటర్‌కు 32 ఆంపియర్లది సరిపోతుంది, మీ ఇంటి మెయిన్ అంతకంటే పెద్దదైతే ఆ సైజుదే కావాలి. మీ ఐదు కేవీఏ నుంచి వచ్చేది సుమారు 22 ఆంపియర్లు.

ఇక్కడే చాలామంది ఎలక్ట్రీషియన్లు ఒక అడ్డదారి తొక్కుతారు. ఫేజ్ మాత్రమే మార్చి న్యూట్రల్ రెండింటికీ కలిపేస్తారు. ఒప్పుకోకండి. న్యూట్రల్ కలిసి ఉన్నంతకాలం మీ మెషిన్‌కు, వీధి లైనుకు ఒక తీగ సంబంధం మిగిలే ఉంటుంది.

న్యూట్రల్ గురించి ఇంకో సంగతి కూడా ఉంది, ఇది నాకు ఏడాది ఆలస్యంగా తెలిసింది. ఇలాంటి చిన్న పెట్రోలు జనరేటర్లలో చాలావాటికి న్యూట్రల్ ఎర్త్‌కు కలిపి ఉండదు. అలాంటప్పుడు ఫేజ్ ఏదైనా వస్తువు బాడీకి తగిలినా కరెంటు తిరిగి వెళ్లే దారి ఉండదు కాబట్టి ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే సప్లయి ఆపే బ్రేకర్) పడదు. దాని మీదున్న టెస్ట్ బటన్ నొక్కితే మాత్రం టక్కున పడుతుంది. ఆ బటన్ పనిచేయడానికి ఎర్త్ అక్కర్లేదు. నేను నెలనెలా అది నొక్కి చూసి నిశ్చింతగా ఉండేవాణ్ణి! మీ మోడల్‌లో న్యూట్రల్ ఎలా ఉందో మాన్యువల్ చూసి, అవసరమైతే కంపెనీ మెకానిక్‌తోనే జనరేటర్ దగ్గర న్యూట్రల్‌ను ఎర్త్‌కు కలిపించండి. డబుల్ పోల్ స్విచ్ ఉంటేనే ఇది సరిగ్గా కుదురుతుంది.

ఎర్త్‌కు మేం వేరే గొయ్యి తీయించి ఎనిమిది అడుగుల జీఐ పైపు దింపి, చుట్టూ బొగ్గులు, ఉప్పు వేయించాం. మాది ఇసుక నేల, ఎండాకాలం నాలుగు బిందెల నీళ్లు పోస్తుంటాం.

స్విచ్ పెట్టాక కూడా మాకొక తిప్పలు వచ్చింది. నెల తిరక్కుండానే హ్యాండిల్ దగ్గర వేడి, రబ్బరు కాలిన వాసన. మూత తీసి చూస్తే జనరేటర్ వైపు ఎర్ర వైరు కొస గోధుమరంగుకు తిరిగి గట్టిపడి ఉంది. స్విచ్ బిగించినతను వైరు మెలిపెట్టి స్క్రూ కింద నొక్కేశాడు, లగ్గు (వైరు కొసకు నొక్కి బిగించే లోహపు తొడుగు) వేయలేదు. లగ్గులు క్రింప్ చేయించి, జనరేటర్ నుంచి వచ్చే వైరు ఆరు చదరపు మిల్లీమీటర్ల రాగిది వేయించాం. అప్పటి నుంచి చల్లగా ఉంది.

జనరేటర్ ఎక్కడ పెడతారో మీరు రాయలేదు. వసారాలో మాత్రం వద్దు. వాన పడుతోందని మేం ఒక రాత్రి వసారాలోకి లాగాం. గంటకల్లా కిటికీ పక్క పడుకున్న అమ్మకు తలనొప్పి, వికారం. పొగలోని కార్బన్ మోనాక్సైడ్‌కు వాసన ఉండదు, నిద్రలోనే ప్రాణం తీస్తుంది. కిటికీలకు, తలుపులకు కనీసం ఇరవై అడుగుల దూరంలో, నాలుగు వైపులా తెరిచి ఉండే రేకు కింద పెట్టండి. వేడి మీద పెట్రోలు పోయకండి, ఆపి చల్లారనివ్వండి.

లోడు సంగతికొస్తే ఐదు కేవీఏ అంటే నాలుగు కిలోవాట్లే అనుకోండి. ఒక హార్స్‌పవర్ మోటారు నడిచేటప్పుడు తీసుకునేది తక్కువే గానీ స్టార్టింగ్‌లో ఐదారు రెట్లు లాగుతుంది. అందుకని మేం ముందు మోటారు వేసి, అది అందుకున్నాకే ఫ్రిజ్, ఫ్యాన్లు వేస్తాం. ఏసీ, మోటారు రెండూ కలిపి వేయం. స్టార్ట్ చేసేటప్పుడు హ్యాండిల్ మధ్యలో ఉండాలి. ఇంజిన్ రెండు నిమిషాలు ఊరికే తిరిగాక కిందికి వేసి, ఎంసీబీలు (డీబీలోని చిన్న బ్రేకర్లు) ఒక్కొక్కటే ఎత్తుతాం. మా స్విచ్ మీద 'బోర్డు', 'జనరేటర్' అని అమ్మ నెయిల్ పాలిష్‌తో రాసింది, టార్చి వెలుగులో బాగా కనిపిస్తుంది.

మీది త్రీ ఫేజ్ మీటరైతే ఫోర్ పోల్ స్విచ్ కావాలి, జనరేటర్ నడిచినంతసేపూ త్రీ ఫేజ్ మోటారు ఆపి ఉంచాలి. మేడ మీద సోలార్ ఉంటే అది ఇంకో కథ, జనరేటర్ కనెక్షన్ ముట్టుకునే ముందు ఆ ఇన్వర్టర్ పెట్టినవాళ్లను పిలవండి. మీటరు ఏదో, ఇన్వర్టర్ ఉందో లేదో రాస్తే మిగతాది చెబుతాను.