స్టవ్ వెనక టైల్స్ ఊడిపోతున్నాయి

ప్రశ్న: మాది కావలి. వంటగది గోడకు నేనే విట్రిఫైడ్ టైల్స్ అంటించాను. ఆర్నెల్లకే స్టవ్ వెనక నాలుగు ఊడిపడ్డాయి. సిమెంటు బాగానే కలిపాను. మిగతావీ పీకేయాలా?

జవాబు: ఊడిన టైల్ వెనక్కి తిప్పి చూడండి. సిమెంటు అంటకుండా నున్నగా ఉందంటే కారణం అదే. విట్రిఫైడ్ టైల్ నీళ్లు పీల్చేది అర శాతం లోపే, ఉత్త సిమెంటుకు పట్టు చిక్కదు. మామూలు సిరామిక్ టైల్ అయితే నానబెట్టి సిమెంటుతో అంటించొచ్చు. దీనికి మాత్రం టైల్ అడ్హెసివ్ (టైల్స్ అంటించే ప్రత్యేక జిగురు) వాడాల్సిందే.

ఒంగోలులో మా వంటగది నేనే చేసుకున్నప్పుడు నాకూ టైల్స్ ఊడాయి. వాటి వెనక పాత ఆయిల్ పెయింట్ పొరలు పొరలుగా లేచి వచ్చింది. పెయింట్ మీదే అంటించేశాను మరి. ఆ తర్వాత రెండు రోజులు ఉలి, సుత్తి పట్టుకుని గోడంతా గాట్లు పెట్టి, దుమ్ము దులిపి, మళ్లీ మొదలుపెట్టాను. విసుగు పుట్టించే పనే, కానీ దయచేసి ఎగ్గొట్టకండి. ఉలి పట్టినప్పుడు కళ్లద్దాలు తప్పనిసరి.

అన్నీ పీకక్కర్లేదు. రూపాయి బిళ్లతో ఒక్కోటీ తట్టి, డొల్లగా మోగినవే తీయండి. పళ్లున్న తాపీతో అడ్హెసివ్ పరిచి, టైల్స్ మధ్యలో 2 మిల్లీమీటర్ల స్పేసర్లు (సందు సమానంగా ఉంచే చిన్న ముక్కలు) పెట్టండి. ఒక రోజు ఆగాకే గ్రౌటింగ్, అంటే ఆ సందులు పూడ్చడం. స్టవ్ వెనక ఎపాక్సీ గ్రౌట్ వేయండి. ఖరీదెక్కువే, కానీ చేపల పులుసు చిందినా నూనె పీల్చుకోదు. గట్టుకు చీమకుర్తి గ్రానైట్ వేసి ఉంటే, గోడ కలిసే సందులో సిలికాన్ నింపండి. అక్కడ గ్రౌట్ వేస్తే చిట్లిపోతుంది.